పవర్ పెంచిన కారులో క్లచ్ సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంజన్‌కి మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు) మార్చినా, పెద్ద టర్బో పెట్టినా ముందుగా చేతులెత్తేసేది క్లచ్. అప్పుడు దొరికినవాటిలో అన్నిటికంటే గట్టిదాన్ని కొనేయాలనిపిస్తుంది. కానీ ఆయిల్ తగిలి జారే క్లచ్‌కీ, బిగింపు (ప్రెషర్ ప్లేటు క్లచ్ ప్లేటును ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కి అదిమే బలం) చాలక జారే క్లచ్‌కీ మందు ఒకటి కాదు. కారణం తేలాకే కిట్ ఎంచుకోవాలి.

యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం లేస్తుంది, బండి వేగం పెరగదు

ఇంజన్ వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. క్లచ్ పట్టి ఉంటే ఆర్‌పీఎం, వేగం కలిసి పెరుగుతాయి. ముల్లు ఒక్కసారిగా ఎగిరి, వేగం వెనకబడితే జారుతున్నట్టే. ఒకటి రెండుసార్లు చాలు. అదేపనిగా పరీక్షిస్తే బాగున్న ప్లేటు కూడా కాలిపోతుంది.

జారుతోందని తేలితే ముందు ఖర్చులేనివి చూడండి. పెడల్‌కి పైన కొంచెం ఖాళీ కదలిక ఉండాలి. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించేది) ఎప్పుడూ ఫింగర్లను (ప్రెషర్ ప్లేటు స్ప్రింగు కొనలను) నొక్కుతూనే ఉంటుంది, బిగింపు తగ్గిపోతుంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్‌ని నెట్టే కడ్డీని (పుష్‌రాడ్) సర్దితే సరిపోతుంది. తర్వాత బెల్‌హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప) కింద తడి ఉందేమో చూడండి. ఇంజన్ వెనక సీల్ నుంచో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచో ఆయిల్ కారితే సీల్ మార్చండి, ప్లేటునూ మార్చండి. ఆయిల్ పీల్చిన ప్లేటును కడిగి మళ్లీ వాడితే నిలవదు.

ఇవేవీ కాకపోతే క్లచ్ సామర్థ్యం నిజంగానే చాలట్లేదు. దాని లెక్క ఇది: బిగింపు బలం × ఘర్షణ గుణకం × సగటు వ్యాసార్థం × రాపిడి ముఖాల సంఖ్య. బిగింపు 9,000 న్యూటన్లు, గుణకం 0.3, వ్యాసార్థం 0.1 మీటరు, ముఖాలు 2 అనుకుంటే 540 ఎన్‌ఎం (న్యూటన్-మీటర్లు, టార్క్ అంటే తిప్పే బలం కొలత) వస్తుంది. సామర్థ్యం పెంచాలంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పెరగాలి. బిగింపు పెంచితే పెడల్ బరువెక్కుతుంది. గుణకం పెంచితే పట్టు దురుసుగా ఉంటుంది. రెండు ప్లేట్లు పెడితే ముఖాలు 4 అవుతాయి. అదే బిగింపుతో 1,080 ఎన్‌ఎం మోస్తుంది. పెడల్ తేలికగా, పట్టు మెత్తగా ఉండాలనుకునేవారికి ట్విన్ ప్లేటే సరైన దారి, ఖర్చు ఎక్కువైనా సరే.

కొనేటప్పుడు హార్స్‌పవర్ చూడకండి. క్లచ్ మోయాల్సింది టార్క్‌ని. డైనోలో (పవర్ కొలిచే యంత్రంలో) చక్రాల దగ్గర కొలిచిన అంకె అయితే ఫ్లైవీల్ దగ్గరికి మార్చుకోవాలి. దారిలో 15 శాతం పోతుందనుకుంటే 400 ఎన్‌ఎంని 0.85తో భాగించాలి, సుమారు 470. దానికి 25 శాతం కలిపితే దాదాపు 590. ఆ స్థాయి కిట్ చాలు. కిట్ మీద పౌండ్-అడుగుల్లో ఉంటే 1.356తో హెచ్చించండి. చక్రాల దగ్గరి లెక్కో, ఫ్లైవీల్ దగ్గరి లెక్కో కూడా అడగండి. చాలామంది పొరపడేది ఇక్కడే.

చల్లగా ఉన్నప్పుడు పడుతుంది, వేడెక్కితే జారుతుంది

కారణం ప్లేటు పదార్థం. పై లెక్కలో గుణకం వేడికి 0.3 నుంచి 0.22కి పడితే 540 కాస్తా 396 అవుతుంది. ఆర్గానిక్ ప్లేటు రోడ్డుకి హాయిగా ఉంటుంది, కానీ వరసగా గట్టి స్టార్టులు ఇస్తే ముఖం గాజులా మెరిసి పట్టు పోతుంది. కెవ్లార్ ఎక్కువకాలం మన్నుతుంది, అయితే ఓపికగా అలవాటు చేయాలి, అతివేడికి అదీ గాజులా మారుతుంది. సిరామిక్, సింటర్డ్ ఐరన్ వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ ట్రాఫిక్‌లో పట్టీపట్టనట్టు నడపనివ్వవు. రోజూ ట్రాఫిక్‌లో తిరిగే కారుకి రేస్ ప్లేటు పెట్టకండి.

బండి కదిలేటప్పుడు వణుకు

ముక్కల సిరామిక్ ప్లేటుకి కొంత వణుకు సహజం. ప్లేటు నడిమి హబ్‌లో స్ప్రింగులు లేకపోతే ఇంకా ఎక్కువ, ఆ దెబ్బ గేర్‌బాక్స్‌కీ తగులుతుంది. రోడ్డు కారుకి స్ప్రింగుల హబ్‌నే అడగండి. ఆర్గానిక్ ప్లేటు వణికితే మాత్రం కారణం వేరే: ఆయిల్ మరక, నీలిమచ్చలు పడ్డ ఫ్లైవీల్, అరిగిన ఇంజన్ మౌంట్లు. ఫ్లైవీల్‌ని లేత్ మీద సాఫు చేయించవచ్చు. మెట్టు ఉన్న రకమైతే మెట్టు ఎత్తు తయారీదారు చెప్పిన కొలతలోనే ఉండాలి, లేదంటే బిగింపు మారిపోతుంది.

క్లచ్ తొక్కినా గేరు పడదు, రివర్స్ కరకరమంటుంది

ఆగి ఉన్నప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి 5 సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ కరకరమంటే ప్లేటు పూర్తిగా విడవట్లేదు. క్లచ్ ఆయిల్ లైనులో గాలి ఉందేమో ముందు చూడండి. డాట్ 4 ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, పాతదైతే మార్చి గాలి తీయండి. తర్వాత స్లేవ్ సిలిండర్ (రిలీజ్ బేరింగ్‌ని నెట్టేది) కదలిక కొలవండి. ట్విన్ ప్లేటు విడవడానికి ఎక్కువ కదలిక కావాలి, పాత స్లేవ్ చాలకపోవచ్చు. గేర్‌బాక్స్ దించితే పైలట్ బేరింగ్‌ని (ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను మోసేదాన్ని) వేలితో తిప్పి చూడండి, బిగుసుకుని ఉంటే ప్లేటు ఆగినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ప్లేటు తిరగేసి బిగించినా ఇదే లక్షణం. ఫ్లైవీల్ వైపు ఏదో దాని మీదే రాసి ఉంటుంది.

ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉండే స్లేవ్ అయితే, బేరింగ్ పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు ఫింగర్లకు ఎంత ఖాళీ ఉండాలో కిట్‌తో వచ్చిన కాగితంలో చూసి షిమ్‌తో (పలుచని రింగుతో) సరిచేయండి. ప్లేటు అరిగేకొద్దీ ఫింగర్లు బేరింగ్ వైపు జరుగుతాయి. ఖాళీ తక్కువైతే కొన్ని నెలలకే క్లచ్ జారడం మొదలవుతుంది.

న్యూట్రల్‌లో గలగల

డ్యూయల్ మాస్ (చప్పుడు మింగే రెండు ముక్కల ఫ్లైవీల్) తీసి తేలికైన సింగిల్ ఫ్లైవీల్ పెట్టాక వస్తే, అది గేర్ల చప్పుడు, ప్రమాదమేమీ కాదు. క్లచ్ తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్ పోయింది. ఎక్కువ ఆర్‌పీఎంకి వెళ్లే ఇంజన్లకు పోతపోసిన ఐరన్ ఫ్లైవీల్ వద్దు, ఎస్‌ఎఫ్‌ఐ 1.1 (రేసింగ్ భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్న స్టీల్‌ది తీసుకోండి.

పెడల్ బరువు, ముందుకు వెనక్కి ఆడే క్రాంక్

బరువైన ప్రెషర్ ప్లేటుతో సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి కూర్చుంటే క్రాంక్‌ను ముందుకు వెనక్కి జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అరుగుతుంది. కిట్ మార్చే రోజే డయల్ గేజ్‌తో క్రాంక్ ఎండ్‌ప్లే (ముందుకు వెనక్కి ఎంత ఆడుతుందో) కొలవండి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌కి వేయండి.

బిగించేటప్పుడు

ఒకసారి సాగదీసి బిగించే రకం ఫ్లైవీల్ బోల్టులు మళ్లీ వాడకూడదు. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు ముఖాలను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. స్ప్లైన్లకు (ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాడులకు) గ్రీజు పలచగా రాసి, ప్లేటును ఎక్కించి తీసి, మిగిలింది తుడిచేయండి. అమరిక పనిముట్టు పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఒకే బోల్టును చివరిదాకా లాగితే కవర్ వంగుతుంది.

తర్వాత సుమారు 800 కిలోమీటర్లు పట్టణంలో నెమ్మదిగా నడపండి. లెక్కలోకి వచ్చేది ఎన్నిసార్లు క్లచ్ వదిలారన్నది, హైవే మీద తిరిగిన దూరం కాదు. ఈలోగా పూర్తి టార్క్ ఇవ్వకండి. కొత్త క్లచ్ వారంలోనే జారిందంటే, చాలాసార్లు ఈ దశను దాటేసి ఉంటారు.