బండి గచ్చిబౌలిలో ఉండాలి: మారథాన్‌కి వెళ్లొచ్చే జాగ్రత్తలు

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారం ఉంటుంది. ఆ లోపు అందరం షూ గురించి, పరిగెడుతూ తినే జెల్ గురించి, పేస్ (పరుగు వేగం) గురించి తెగ మాట్లాడుకుంటాం. తెల్లవారుజామున మూడున్నరకి ఇంట్లోంచి ఎలా బయటపడాలి, అయ్యాక ఇల్లెలా చేరాలి అన్నది మాత్రం శనివారం రాత్రి పది దాటాక గుర్తొస్తుంది.

నా మొదటి హాఫ్ మారథాన్‌కి (21 కిలోమీటర్లు) బైకు నెక్లెస్ రోడ్డులో పెట్టి, హాయిగా పరిగెత్తి, గచ్చిబౌలి స్టేడియంలో మెడల్ వేయించుకున్నాను. బండి సుమారు పదిహేను కిలోమీటర్ల అవతల ఉందన్న సంగతి అక్కడ అరటిపండు తొక్క తీస్తుంటే తట్టింది. ఫోన్‌లో చార్జింగ్ ఆరు శాతం. రెండు క్యాబ్‌లు క్యాన్సిల్ అయ్యాయి. చివరికి ఒక ఆటో ఆగింది. అతను మెడల్ చూసి "ఫస్టొచ్చినవా అన్నా?" అన్నాడు. రాలేదని చెప్పినా ఏడు వందలకి రూపాయి తగ్గలేదు. తీరా బైకు దగ్గరికి చేరి, స్టాండ్ తీద్దామని కాలు ఎత్తితే పిక్క పట్టేసింది. ఫుట్‌పాత్ మీద అరగంట కూర్చున్నాను.

ఈ రేసుతో ఉన్న చిక్కే అది. ఫుల్ (42 కిలోమీటర్లు), హాఫ్ రెండూ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తాయి. 10కే (పది కిలోమీటర్ల పరుగు) హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్ దగ్గర మొదలై అదే స్టేడియానికి చేరుతుంది. కొన్నేళ్లుగా ఇదే పద్ధతి, అయినా ఈసారి ఏమైనా మార్చారేమో రేసు వాళ్లు పంపిన మెయిల్ పూర్తిగా చదవండి. వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద పరిగెత్తి మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చే అలవాటున్నవాళ్లు ఇక్కడ తప్పకుండా తికమకపడతారు. బోస్టన్ మారథాన్ కూడా ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగిసేదే, కానీ అక్కడ పరిగెత్తేవాళ్లని స్కూలు బస్సులెక్కించి హాప్‌కింటన్‌లో దింపుతారు. ఇక్కడ మన ఏర్పాటు మనమే చూసుకోవాలి.

కాబట్టి ముందు తిరుగు ప్రయాణం తేల్చుకోండి. బండంటూ ఉంటే అది గచ్చిబౌలి వైపే ఉండాలి. స్టార్ట్ దగ్గర ఎవరైనా మిమ్మల్ని దింపి వెళ్లిపోవాలి, లేదా ఆటోలోనో క్యాబ్‌లోనో దిగాలి. బిబ్ (చొక్కాకి పెట్టుకునే రేసు నంబరు) తీసుకోవడానికి ఎలాగూ శనివారం లోపు ఎక్స్‌పోకి, అంటే రేసు వాళ్లు అవి పంచే చోటికి వెళ్తారు, అది హైటెక్స్‌లో పెడితే మరీ సులువు. బిబ్ తీసుకుని, అట్నుంచటే గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్‌లో బండి పెట్టేసి, రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఇంటికి వచ్చేయండి. వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పి, బండి నంబరు రాసిచ్చి రండి. రాత్రంతా రోడ్డు పక్కన వదిలేయడం మాత్రం వద్దు. పొద్దున ట్రాఫిక్ పోలీసులు ఎత్తుకెళ్తే మెడల్‌తో స్టేషన్ చుట్టూ తిరగాలి.

ఇక ఆ బండి నడిపేదెవరు? ఫుల్ పరిగెత్తినవాళ్లు మాత్రం కాదు, ఈ విషయంలో నాతో వాదించకండి. నలభై రెండు కిలోమీటర్ల తర్వాత క్లచ్ తొక్కిన కాలు ఏ సిగ్నల్ దగ్గర పట్టేస్తుందో తెలియదు, పైగా కళ్లు తిరగొచ్చు. బాగా అలవాటున్నవాళ్లు హాఫ్ అయ్యాక గంటసేపు నడిచి, తిని, తాగి అప్పుడు నడపొచ్చు. మా గుంపులో పద్ధతేమిటంటే, 10కే పరిగెత్తేవాడే ఆ రోజు డ్రైవరు. వాడికి టిఫిన్ మేం పెట్టిస్తాం.

వెళ్లేటప్పటి లెక్క వెనక నుంచి వేసుకోండి. మీ రేసు మొదలయ్యే టైముకి గంట ముందు పీపుల్స్ ప్లాజాలో ఉండాలి. ఫినిష్ దగ్గర మళ్లీ తీసుకునే బ్యాగుని రేసు వాళ్లకి ఇవ్వాలి, బాత్‌రూమ్ క్యూలో నిలబడాలి (ఆ క్యూ గురించి ఎవరూ ముందు చెప్పరు), నాలుగడుగులు ఉరికి ఒళ్లు వేడెక్కించుకోవాలి. ఫుల్ అయితే తెల్లారకముందే మొదలవుతుంది. మామూలు రోజుల్లో మెట్రో మొదటి రైలు ఆరుకు ముందు ఉండదు. కొన్నేళ్లు రేసు కోసం తెల్లవారుజామునే రైళ్లు నడిపారు గానీ, ప్రకటన వచ్చేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నడిపితే మాత్రం దాన్ని మించింది లేదు. ఖైరతాబాద్‌లో దిగి నడుచుకుంటూ పోతే అదే వార్మప్.

మూడున్నరకి క్యాబ్ బుక్ అయినంత మాత్రాన వచ్చినట్టు కాదు. డ్రైవరు ఫోన్ ఎత్తి "వస్తున్నా సార్" అన్నాకే సగం నమ్మకం. కాలనీలో తెలిసిన ఆటో అతనితో ముందురోజే మాట్లాడి కొంత అడ్వాన్స్ ఇస్తే నూటికి తొంభైసార్లు వస్తాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బండిలో వెళ్లండి. ఒకరికి మెలకువ రాకపోతే మిగతావాళ్లు లేపుతారు. ఆగస్టు కాబట్టి వాన గురించి కూడా ఆలోచించాలి. రాత్రి గట్టిగా కురిస్తే రాజ్‌భవన్ రోడ్డు లాంటి చోట్ల నీళ్లు నిలుస్తాయి. అరగంట ముందే బయల్దేరండి, షూ కవర్లో పెట్టుకుని చెప్పులతో వెళ్లండి. తడిసిన సాక్సుతో మొదలుపెడితే పదో కిలోమీటరుకే బొబ్బలు.

బ్యాగులో పెట్టాల్సినవి తక్కువే, కానీ ఒక్కటి మరిచినా ఏడుపొస్తుంది. పొడి టీషర్టు, చిన్న తువ్వాలు, హవాయి చెప్పులు, తడిబట్టలకో కవరు. చెప్పులు ఎందుకంటారా? ఉబ్బిన పాదాల్ని షూలోంచి తీసి మళ్లీ దూర్చి చూడండి. నగలు, లాప్‌టాప్, ఇంటి తాళాలు అందులో వేయకండి. వందలాది బ్యాగుల మధ్య మీది దొరకడానికి అరగంట పట్టొచ్చు. అందుకే ఫోన్, రెండు వందల నోట్లు రెండు చిన్న జిప్ కవర్లో పెట్టి ఒంటి మీదే ఉంచుకోండి. బిబ్ వెనక బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు పెన్నుతో రాయండి. ఆ నంబరు నోటికి వచ్చి ఉంటే మరీ మంచిది.

చూడ్డానికి వచ్చే ఇంటివాళ్లకి ఒక ముక్క చెప్పండి. రేసు దారి పంజాగుట్ట, కేబీఆర్ పార్కు, కేబుల్ బ్రిడ్జి మీదుగా పోతుంది కాబట్టి పొద్దున ఆ రోడ్లలో మళ్లింపులు ఉంటాయి. వాళ్లు మెహదీపట్నం, టోలీచౌకి వైపు నుంచో, ఎల్‌బీ నగర్ వాళ్లయితే ఔటర్ రింగ్ రోడ్డు మీదనో రావాలి. ముందురోజు పోలీసులిచ్చే ప్రకటన చూసుకోమనండి. స్టేడియం గేటు దగ్గర కలుద్దాం అనుకుంటే ఆ జనంలో దొరకరు, నెట్‌వర్క్ కూడా సరిగా అందదు. కొంచెం దూరంగా, గుర్తుపట్టగలిగే ఒక కొట్టు పేరు చెప్పి, "పదింటికి అక్కడ, రాకపోతే పదిన్నరకీ అక్కడే" అని తేల్చుకోండి.

ఫినిష్ దాటగానే ఆగిపోవద్దు, కూర్చోవద్దు. అంతసేపు ఉరికిన కాళ్లలో రక్తం నిలిచిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. పది నిమిషాలు నడవండి, నీళ్లు గుక్కగుక్కగా తాగండి, ఉప్పగా ఏదైనా తినండి, తడి చొక్కా మార్చుకున్నాకే ఏసీ కారెక్కండి. క్యాబ్ బుక్ చేసేవాళ్లు గేటు ముందు నిలబడకుండా అర కిలోమీటరు అవతలికి, పోలీసులు మూయని రోడ్డు మీదికి నడిచాక చెయ్యండి. అప్పుడే డ్రైవరు రాగలడు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు శనివారం ఎక్స్‌పో మూసేలోపు దిగేలా రండి, రేసు రోజు పొద్దున బిబ్ ఇస్తారన్న ఆశ పెట్టుకోవద్దు. గది స్టార్ట్ దగ్గర, అంటే ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపు తీసుకుంటే ఇంకో గంట నిద్ర మిగులుతుంది. తిరుగు టికెట్ మధ్యాహ్నానికి కాదు, రాత్రికి చేయించుకోండి. కాకినాడ వెళ్లే గౌతమి లాంటి బళ్లు లింగంపల్లిలోనే బయల్దేరతాయి, అది స్టేడియానికి దగ్గరే. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో ఒకసారి చూసుకుని, బెర్తు మాత్రం లోయర్ అడగండి. ఆ కాళ్లతో అప్పర్ ఎక్కాలంటే టీసీని బతిమాలాల్సిందే.