అమ్మకో నాయనకో పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్: పక్కనుండి చూసుకోవడం ఎలా?

మోషన్‌లో రక్తం పడుతున్న సంగతి మా నాయన ఐదారు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఊళ్లో ఒకాయన మొలలని మందులిచ్చాడు. అవి ఇంకో మూడు నెలలు మింగాడు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "నాకేం లేదులేరా." చివరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఒంగోలులో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. ఆ తర్వాత కొలనోస్కోపీ (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం), సీటీ స్కాన్. పెద్దపేగు చివర్లో, మలద్వారానికి కొంచెం పైన క్యాన్సర్ గడ్డ అని తేలింది.

మాది కందుకూరు పక్కన పల్లె. ఆపరేషన్ నెల్లూరులో అయింది. అప్పుడు నేను నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. కాళ్లు పట్టడం, పళ్లరసం తాగించడం అందరూ చేస్తారు. మన పెద్దవాళ్లు ఖర్చవుతుందనో, పిల్లలు భయపడతారనో నొప్పిని దాస్తారు చూడండి, దాన్ని కనిపెట్టడమే కష్టం.

ఒక మనిషి, ఒక నోట్‌బుక్

ఇంట్లో ఐదుగురు డాక్టర్‌ని ఐదు రకాలుగా అడిగితే ఐదు రకాల కథలు ఇంటికొస్తాయి. డాక్టర్‌తో మాట్లాడేది ఎవరో మొదటిరోజే తేల్చుకోండి. మా ఇంట్లో ఆ పని మా అక్కది. డబ్బు, తిరుగుడు నావి. అక్క ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి నాయన వాడే మాత్రలు, డాక్టర్ చెప్పిన మాటలు, అడగాల్సిన ప్రశ్నలు అన్నీ అందులో రాసింది.

రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. స్కాన్ సీడీ కూడా అందులోనే. చెన్నైలోనో, వేలూరులోనో, తిరుపతిలోనో ఇంకో డాక్టర్‌కి చూపించాలనుకుంటే బయాప్సీ స్లైడ్లు, గడ్డ ముక్కను దాచి ఉంచిన మైనం బ్లాకులు కూడా ల్యాబ్‌లో అడిగి తీసుకెళ్లండి. పెద్ద ఆస్పత్రుల్లో వాటిని తమ ల్యాబ్‌లో మళ్లీ చూసుకుంటారు. రైల్లో వెళ్లేవాళ్లకు ఒక మాట: చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే ఒకరికి టికెట్‌లో రాయితీ ఉంది. ఆస్పత్రి నుంచి రైల్వే ఫారంలో సర్టిఫికెట్ రాయించుకుని కౌంటర్లో ఇవ్వాలి. ఈ సంగతి తెలియక మేం నాలుగుసార్లు పూర్తి చార్జీ పెట్టి తిరిగాం.

జబ్బు పేరు దాచొద్దు

"పేగులో పుండు అని చెప్దాం, క్యాన్సర్ అనొద్దు" అని మా చిన్నాన్న పట్టుబట్టాడు. రెండు రోజులు అలాగే నడిపాం. మూడో రోజు స్కానింగ్ గది బయట బోర్డు చదివి నాయనే అడిగాడు, "అబ్బయ్యా, నాకు క్యాన్సరా?" అని. అప్పటిదాకా మేం ఆడిన నాటకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సింది ఆయన, కడుపు కోయించుకునేది ఆయన. దాస్తే మనల్ని నమ్మడం మానేస్తారు, ఆ తర్వాత వాళ్ల నొప్పి కూడా మనకు చెప్పరు. పేరు చెప్పండి. గడ్డ పేగు దాటకుండా ఉంటే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉంటుందన్న మాట కూడా డాక్టర్ చేతనే చెప్పించండి.

డబ్బు సంగతి

రైస్ కార్డు ఉన్నవాళ్లు ముందుగా ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్ దగ్గరికి వెళ్లండి. మనకు ఇంకా ఆరోగ్యశ్రీ అంటేనే నోటికొస్తుంది. మీరు ఎంచుకున్న ఆస్పత్రి ఆ పథకంలో ఉందా, ఈ ఆపరేషన్‌కు అనుమతి ఉందా అన్నది అడ్మిట్ కాకముందే తేల్చుకోవాలి. కీమో పడితే దానికి అనుమతి విడిగా తీసుకుంటారు. అనుమానం ఉంటే 104కు ఫోన్ చేయండి. నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోట వీధుల్లో ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి ఫైలు పట్టుకుని తిరగడం కంటే అది నయం.

ఆపరేషన్‌కు ముందు

వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, సంచిలో వేసుకెళ్లి డాక్టర్ ముందు బల్ల మీద పోయండి. ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, కొన్ని షుగర్ మాత్రలు ఎప్పుడు ఆపాలో, ఏవి ఆపకూడదో ఆయనే చెప్తారు. సొంతంగా ఆపొద్దు. రక్తం తక్కువుంటే ఐరన్ ఇంజెక్షనో, రక్తం ఎక్కించడమో ముందే చేస్తారు. రక్తమిచ్చేవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని మాట్లాడి ఉంచుకోండి.

చుట్ట, బీడీ ఆ రోజునుంచే బంద్. పొగ మానితే ఊపిరితిత్తులకూ మంచిది, కుట్లు మానడానికీ మంచిది. మా నాయన పొగాకు పండించిన మనిషి, చుట్ట మాన్పించడానికి మాకు ఆపరేషన్ కంటే ఎక్కువ టెన్షన్ అయింది. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు, గాలి పీలిస్తే బంతులు లేస్తాయి. ఆపరేషన్‌కు ముందే అలవాటు చేయించండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి (దాన్నే స్టోమా అంటారు) దాని మీద బ్యాగ్ పెట్టే అవకాశం ఉందా అని ముందే అడగండి. ఉందంటే, దాని చోటు ముందురోజు పెన్నుతో గుర్తుపెట్టమనండి. పడుకోబెట్టి ఒక్కసారి చూసి గుర్తుపెడితే సరిపోదు. కూర్చోబెట్టి, నిలబెట్టి, పంచె కట్టించి చూడాలి. పంచె ముడి, చీర కుచ్చిళ్లు బ్యాగ్ మీద పడితే తర్వాత రోజూ బాధే.

ఆస్పత్రిలో ఆ వారం

మొదటి రోజుల్లో వార్డులో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "గ్యాస్ పోయిందా?" నవ్వొస్తుంది గానీ, పేగు మళ్లీ కదులుతోందని చెప్పే గుర్తు అదే. నడిపించమంటే నడిపించండి. మరుసటి రోజే కుర్చీలో కూర్చోబెడతారు, వరండాలో నాలుగు అడుగులు వేయిస్తారు. "కుట్లు పచ్చిగా ఉంటే నడిపిస్తారా" అని చుట్టాలు కోప్పడతారు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది.

నొప్పి ఎంత అని అడిగితే "ఏం లేదు" అనే అంటారు. అలా అడగకండి. "దగ్గితే పట్టేస్తోందా? పక్కకు తిరగగలవా?" అనండి. దగ్గలేకపోతే నొప్పి మందు చాలడం లేదని అర్థం, నర్సుకు చెప్పండి.

మూడో రాత్రి గురించి మాకు ఎవరూ ముందు చెప్పలేదు. రెండు గంటలప్పుడు నాయన లేచి సెలైన్ సూది పీకేసి, "బ్యారన్‌లో మంట తగ్గింది, లెయ్యి" అంటున్నాడు. వార్డుని పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ అనుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పొద్దున వచ్చిన మా అత్త గాలి సోకిందని తాయెత్తు తెచ్చింది. డ్యూటీ డాక్టర్ చెప్పింది వేరు: పెద్ద ఆపరేషన్ తర్వాత వయసు మళ్లినవాళ్లకు ఇలా తాత్కాలికంగా మతి తప్పడం మామూలే, కానీ వెనక కారణం ఉంటే వెతకాలి. ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, మూత్రం ఆగిపోవడం, నొప్పి, నిద్రలేమి, కొన్ని మందులు, వీటిలో ఏదైనా కావచ్చు. మీకిలా ఎదురైతే వెంటనే నర్సును పిలవండి. కళ్లజోడు పెట్టండి, చెవి మిషన్ ఉంటే పెట్టండి. పగలు కిటికీ తెరవండి, రాత్రి లైట్లు తగ్గించండి. తెలిసిన గొంతు ఒకటి పక్కనుండాలి. వాదనకు దిగొద్దు. "మంట నేను చూస్తాలే నాయనా, పడుకో" అన్నాను. పడుకున్నాడు. రెండు రోజుల్లో మామూలయ్యాడు, ఆ రాత్రి సంగతి ఆయనకు ఇప్పటికీ గుర్తులేదు.

బ్యాగ్‌తో బతకడం

పేగు అతికించిన చోటు మానేదాకా నాయనకు చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి బ్యాగ్ పెట్టారు. కొన్ని నెలల తర్వాత మూసేశారు. కొందరికి అది శాశ్వతంగా ఉంటుంది.

బ్యాగ్ మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి, బరువెక్కితే ఊడుతుంది. చర్మానికి అంటించే ప్లేటును మూడు నాలుగు రోజులకోసారి, పొద్దున ఏమీ తినకముందు మార్చండి, అప్పుడు కారేది తక్కువ. రంధ్రాన్ని స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా కత్తిరించాలి. చుట్టూ గోరువెచ్చని నీళ్లతో కడిగి పొడిగా ఒత్తండి. డెటాల్ వద్దు, స్పిరిట్ వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు, రాస్తే ప్లేటు అంటుకోదు. స్టోమా నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిచేటప్పుడు కాస్త రక్తం అంటితే భయం లేదు. నల్లబడితే మాత్రం అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి.

మన ఎండల్లో చెమటకు ప్లేటు త్వరగా లేచిపోతుంది, కాబట్టి రెండు సెట్లు ఎక్కువ ఉంచుకోండి, వాటిని ఎండలో ఆపిన కారులో వదలొద్దు. చిన్నపేగు బ్యాగ్ అయితే నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. మే నెలలో నాయనకు నాలుక ఎండి, కళ్లు తిరిగి రెండు రోజులు సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఉట్టి మంచినీళ్లు ఎంత తాగినా ఆ లోటు తీరదు, ఓఆర్‌ఎస్ కావాలి. బ్యాగ్‌లోకి రోజుకు లీటరున్నర దాటి పోతుంటే ఆస్పత్రికి ఫోన్ చేయండి. కొలవడానికి పాత మగ్గు ఒకటి పక్కన పెట్టుకున్నాం.

వంటిల్లు, చుట్టాలు

"పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వాతం" అని ప్రతి ఇంటా ఒక అత్త చెప్తుంది. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పెరుగు, పలచని పప్పు, ముల్లు తీసిన చేప అన్నీ పెట్టొచ్చు. మొదటి కొన్ని వారాలు మాత్రం పీచు తక్కువగా ఉండాలి: మెత్తటి అన్నం, ఇడ్లీ, మజ్జిగ. గోంగూర, మునక్కాయ, పచ్చికొబ్బరి, మొక్కజొన్న, జామకాయ పక్కన పెట్టండి. రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం తినాలి. చేపల పులుసు ఎప్పుడు తినొచ్చని మా నాయన సర్జన్‌ని మూడుసార్లు అడిగాడు. కారం తగ్గించి ఆరో వారంలో పెట్టాం, మామిడికాయ ముక్కలు లేకుండా. అది పులుసే కాదన్నాడు.

ఆరు వారాలదాకా బరువులు ఎత్తకూడదు, నీళ్ల బిందె కూడా. చూడటానికి వచ్చేవాళ్లను సాయంత్రం ఒక గంటకు కట్టడి చేయండి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను గుమ్మంలోనే ఆపండి, మొహమాటం వద్దు.

జ్వరం 100.4 దాటినా, పొట్ట ఉబ్బి వాంతులు అవుతున్నా, కుట్ల దగ్గర చీము కారినా, నొప్పి తగ్గేది పోయి పెరుగుతున్నా, ఒక కాలు పిక్క వాచినా పొద్దున దాకా ఆగొద్దు. పేగు అతుకు దగ్గర లీకేజీ అయితే ప్రాణాల మీదికి వస్తుంది. ఆయాసం వస్తే నేరుగా 108కి చేయండి.

బయాప్సీ వచ్చాక

తీసేసిన పేగు రిపోర్టు వచ్చాకే స్టేజీ ఖాయంగా తెలుస్తుంది. అందులో పేగు పక్కనుండే లింఫ్ గ్రంథులు ఎన్ని చూశారు, ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది అన్నది అడగండి, కనీసం 12 చూడటం రివాజు. గ్రంథుల్లో ఉంటే మామూలుగా కీమో చెప్తారు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించిన రోజుల్లో చల్లటి నీళ్లు తగిలితే వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి, ఫ్రిజ్ తలుపు కూడా తీయనివ్వొద్దు. కీమో అయ్యాక కూడా జబ్బు మళ్లీ వస్తోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష, స్కాన్లు, ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక కొలనోస్కోపీ ఉంటాయి. ఈ తేదీలు గుర్తుంచుకోవాల్సింది పిల్లలే, బాగున్నాం కదా అని పెద్దవాళ్లు ఎగ్గొడతారు.

అమ్మకో నాన్నకో ఈ జబ్బు వచ్చిందంటే పిల్లలు 40 ఏళ్లకు, లేదా ఆ అమ్మకో నాన్నకో జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాకు 43, అక్కకు 46. ఇద్దరం ఒకే రోజు చేయించుకున్నాం. నాకేం లేదు. అక్కకు చిన్న పాలిప్ (పేగు లోపల పెరిగే బుడిపె) కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు. బయట బెంచీ మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాయన, మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టర్‌ని రెండుసార్లు అడిగి ఆ నోట్‌బుక్‌లోనే రాసుకున్నాడు.