బెజవాడ ఎండలో బుల్లి గులాబీలు పెంచడం ఎలా?

నర్సరీల్లో బటన్ గులాబీ అని కూడా పిలిచే ఈ మినియేచర్ గులాబీ పువ్వు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. మొక్క జానెడు నుంచి మూరెడు ఎత్తు పెరుగుతుంది. చూడటానికి సుకుమారంగా ఉన్నా మొక్క గట్టిదే. కుండీ చిన్నది కాబట్టి అందులోని మట్టి త్వరగా కాగిపోతుంది, అక్కడే వస్తుంది చిక్కంతా. మే నెలలో మా డాబా పిట్టగోడ మీద మూడు మొక్కలు వరసగా వాడిపోయాయి. దాహమనుకుని మధ్యాహ్నం రెండు గంటలకు గొట్టం పట్టాను. అప్పటిదాకా ఎండలో పడి ఉన్న గొట్టంలోంచి వచ్చినవి దాదాపు స్నానానికి కాచిన నీళ్లని చేయి తగిలాక తెలిసింది.

కాబట్టి మొక్కను వేసవిలో కొనకండి. నవంబరు నుంచి జనవరి వరకు కొంటే ఎండలు ముదిరేలోగా వేరు నిలదొక్కుకుంటుంది. నిండా పూలున్న మొక్క కంటే మొదట్లోంచి నాలుగైదు కొమ్మలు లేచిన మొక్కను ఎంచుకోండి. అంటు కట్టినదా, కొమ్మ నాటి పెంచినదా అని అడగండి. ఈ రకాలను ఎక్కువగా కొమ్మలతోనే పెంచుతారు, వాటికి నేలలోంచి వచ్చే కొత్త చిగురు కూడా పూస్తుంది. అంటు మొక్కయితే అంటు కిందినుంచి వచ్చే చిగురు వేరే జాతిది, దాన్ని తీసేయాలి.

కుండీ 8 అంగుళాలది, అడుగున చిల్లులున్నది చాలు. గుంటూరు నల్లరేగడి మిర్చికీ పత్తికీ మంచిదేమో గానీ కుండీకి పనికిరాదు. తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే బీటలు వారి వేళ్లను తెంపుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మికంపోస్టు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి కలపండి. నర్సరీ మొక్క వేళ్లు చాలాసార్లు గట్టి బంకమట్టి ముద్దలో ఉంటాయి. ఆ ముద్దను అలాగే పాతితే పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి. బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టి, పైపొర మట్టిని వేళ్లతో మెల్లగా వదిలించి సాయంత్రం పూట నాటండి. వారం రోజులు నీడలో ఉంచండి.

తరువాత రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి, అదీ ఉదయపు ఎండ. మార్చి చివరినుంచి మధ్యాహ్నం ఆకుపచ్చ నీడవల తప్పదు. పిట్టగోడ మీదినుంచి, కాలే గచ్చు మీదినుంచి కుండీని తీసి ఇటుకల మీద పెట్టండి. ఇంకా మంచి ఉపాయం ఒకటుంది: కుండీని పెద్ద కుండీలో దించి, మధ్య ఖాళీలో ఇసుక నింపి తడుపుతూ ఉండండి. మంచినీళ్ల కుండ కింద ఇసుక పోయడం మనకు అలవాటే కదా. వేలు అంగుళం లోతు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. నడి వేసవిలో ఉదయం, సాయంత్రం పోయాల్సి రావచ్చు. గొట్టంలోని వేడి నీళ్లు ముందు వదిలేయండి. వానాకాలంలో రాత్రంతా ఆకులు తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు వస్తుంది, అందుకని నీళ్లు మొక్క మొదట్లోనే పోయాలి. మచ్చపడి రాలిన ఆకులను కుండీలో ఉంచకూడదు.

ఇక పురుగులు. గుంటూరు దగ్గర మిర్చి వేసే మా మామయ్య ఒకసారి మా మొక్క చిగురును రెండు వేళ్లతో పట్టుకుని, “ఇది పై ముడతే అమ్మా, మా తోటలో ఉన్నదే ఇక్కడా ఉంది” అన్నాడు. అన్నది నిజమే. ఆకులు పైకి ముడుచుకోవడమే పై ముడత, దాన్ని తెచ్చేది తామర పురుగు. మిర్చిని పీడించే తామర పురుగు గులాబీనీ వదలదు. తెల్ల కాగితం మీద మొగ్గను తట్టితే సన్నటి పసుపు నలుసులు పరుగెడతాయి. మొగ్గ అంచులు మాడినట్టుంటాయి, తెలుపు, పసుపు పూలలో ఆ మరక మరీ కనబడుతుంది. అలాంటి చిగుళ్లు, మొగ్గలు తుంచి సంచిలో వేసి మూతికట్టి పారేయండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. వారానికోసారి మూడుసార్లు చేయాలి, ఒక్కసారితో పోదు. ఆకుల మీద తెల్లటి చుక్కలు, కింద సన్నని సాలెగూడు లాంటిది కనిపిస్తే అది ఎర్రనల్లి. దానికి ఉదయాన్నే ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొడితే చాలావరకు పోతుంది.

పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మికంపోస్టు వేయండి, మే నెలలో మాత్రం ఆపేయండి. వాడిన టీ పొడి వేస్తే చక్కెర పోయేదాకా కడిగి వేయండి, లేకపోతే చీమలకు విందు.

వాడిన పువ్వును కింది ఐదాకుల రెమ్మ వరకు కత్తిరించాలి. కత్తిరించాక మళ్లీ పూయడానికి ఆరేడు వారాలు పడుతుంది. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద మీ పూలే ఉండాలనుకుంటే కార్తీకం చివర్లో కొమ్మలను మూడోవంతు మేర కత్తిరించండి. కత్తిరించిన ముక్కలను పారేయకండి. నాలుగంగుళాల ముక్కకు పైన రెండాకులు ఉంచి, రెండు కణుపులు ఇసుకలోకి దించి, అడుగు కోసిన నీళ్ల సీసాను బోర్లించి నీడలో పెట్టండి. మూడు నాలుగు వారాలకు వేరు పడుతుంది. ఈలోపు పీకి చూడాలన్న తహతహ ఆపుకోవడమే కష్టం. నేను నాటిన మొదటి ఐదింటినీ అలా చూసే చంపుకున్నాను.