అమెరికా రాజ్యాంగ ఆమోదం స్టాంపులను ఆల్బమ్‌లో ఎలా అమర్చాలి?

1787 డిసెంబర్ 7న డెలావేర్‌తో మొదలై 1790 మే 29న రోడ్ ఐలండ్‌తో ముగిసేదాకా 13 రాష్ట్రాలు ఒక్కొక్కటే అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించాయి. ఆ ఘట్టానికి 200 ఏళ్లు నిండగా, 1987-90 మధ్య అక్కడి తపాలా శాఖ రాష్ట్రానికో స్టాంపు విడుదల చేసింది. ఈ వరుస చెడితే సేకరణకు అర్థమే ఉండదు.

1. రెండు ఆసిడ్ రహిత ఏ4 కాగితాలు తీసుకోండి. మొదటిదానిలో మూడు వరుసల్లో మూడేసి స్టాంపులు: డెలావేర్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, జార్జియా, కనెక్టికట్, మసాచుసెట్స్, మేరీలాండ్, సౌత్ కరోలినా, న్యూ హాంప్‌షైర్. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, రాజ్యాంగం చెల్లుతుందని నిబంధన. అందుకే పేజీ న్యూ హాంప్‌షైర్‌తో ఆగాలి. దాని కింద 1938 జూన్ 21న వచ్చిన 3 సెంట్ల ఊదారంగు స్టాంపు పెట్టండి. అది ఆ రాష్ట్ర ఆమోదానికి సరిగ్గా 150 ఏళ్లు నిండిన రోజు.

2. రెండో కాగితంలో వర్జీనియా, న్యూయార్క్, నార్త్ కరోలినా, రోడ్ ఐలండ్. 1789 ఏప్రిల్ 30న జార్జ్ వాషింగ్టన్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి చివరి రెండూ ఇంకా బయటే ఉన్నాయి. ఆ సంగతి అక్కడే రాయండి.

3. ఒక్కో స్టాంపు కింద రెండు తేదీలు వేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. స్టాంపు మీద ఉన్నది ఆమోదించిన తేదీ. విడుదల తేదీ వేరు కావచ్చు. మేరీలాండ్ ఆమోదం 1788 ఏప్రిల్ 28, స్టాంపు వచ్చింది 1988 ఫిబ్రవరి 15. ఫస్ట్ డే కవర్ (విడుదల రోజునే తపాలా ముద్ర వేసిన కవరు) కొనేటప్పుడు ఆ ముద్రను విడుదల తేదీతోనే సరిచూడండి.

4. ధర చూడండి. మొదటి ఏడు 22 సెంట్లవి, మిగిలిన ఆరు 25 సెంట్లవి. 1988 ఏప్రిల్‌లో ఉత్తరం రేటు పెరగడమే కారణం.

5. వాడిన స్టాంపులను చల్లటి నీళ్లలో 15-20 నిమిషాలు నానబెట్టండి. రంగు కవర్ల ముక్కలను విడిగా నానబెట్టాలి, లేకపోతే ఆ రంగు స్టాంపులకు అంటుతుంది. తర్వాత బొమ్మ కిందికి పెట్టి ఆరనిచ్చి, పుస్తకం మధ్య అదమండి.

6. వాడని స్టాంపులకు హింజ్ (వెనక అంటించే చిన్న జిగురు కాగితం) వద్దు, జిగురు దెబ్బతింటుంది. మౌంట్ (స్టాంపును లోపల ఉంచే పారదర్శక ప్లాస్టిక్ తొడుగు) వాడండి. ఒక్కో స్టాంపునూ కొలిచి, చుట్టూ సుమారు 1 మిల్లీమీటరు వదిలి మౌంట్‌ను కత్తిరించండి. బిగుతైతే స్టాంపు అంచు పళ్లు వంగుతాయి.

కోస్తా తేమలో ఆల్బమ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి.