పసిబిడ్డ గుండె చికిత్సకు తల్లిదండ్రులు ఎలా సిద్ధం కావాలి?

బిడ్డ గుండెలో రంధ్రం ఉందని ఎకో పరీక్షలో తేలి, హైదరాబాద్‌లోని ఆసుపత్రి చికిత్సకు తేదీ ఇచ్చిన తర్వాత, మిగిలినదంతా డాక్టర్ల పనేనని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని చాలా కుటుంబాలు అనుకుంటాయి. నిజానికి చికిత్స అనుకున్న రోజున జరగడం, వాయిదా పడటం చాలావరకు ఇంటివాళ్ల చేతిలోనే ఉంటుంది.

ముందుగా చికిత్స ఏమిటో తెలుసుకోండి

గజ్జల్లోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి పరికరంతో రంధ్రాన్ని మూస్తారా, లేక ఛాతీ తెరిచి ఆపరేషన్ చేస్తారా అన్నది మొదట అడగాలి. మొదటి పద్ధతిలో సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. రెండోదానిలో కనీసం వారం, ఒక్కోసారి అంతకు మించి ఉండవలసి వస్తుంది. గుండె కింది గదుల మధ్య ఉండే చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే మూసుకుపోతాయి. పక్కింటి బిడ్డకు అలా జరిగిందని మీ బిడ్డ చికిత్సను ఆపకండి. రంధ్రం ఎక్కడ ఉంది, ఎంత పెద్దది అన్నదాన్ని బట్టే డాక్టర్లు నిర్ణయిస్తారు.

కాగితాలు

ఆధార్, రేషన్ కార్డు, బిడ్డ జనన ధ్రువపత్రం, ఎకో రిపోర్టులు, టీకాల కార్డు ఒకే సంచిలో పెట్టి, జిరాక్సులు తీయించుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే ముందస్తు అనుమతి రావాలి కనుక ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను తేదీకి చాలా ముందే కలవడం మంచిది. సందేహాలుంటే 104కు ఫోన్ చేయవచ్చు.

చివరి రెండు వారాలు

దగ్గు, జలుబు, జ్వరం చికిత్స వాయిదా పడటానికి మామూలు కారణాలు. ఊపిరితిత్తుల్లో కఫం ఉన్నప్పుడు మత్తు ఇవ్వడం ప్రమాదకరం. అందుకే ఆపరేషన్‌కు ముందే పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకుందామని యాదగిరిగుట్టకో, మన్యంకొండకో జనం మధ్యకు బిడ్డను తీసుకెళ్లకుండా, ఆ మొక్కును కోలుకున్నాకే తీర్చుకోవాలి. ముక్కు కారినా, ఒళ్లు కాస్త వేడిగా ఉన్నా బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి. తేదీ పోతుందన్న భయంతో దాచడం కంటే పెద్ద పొరపాటు లేదు. ఈమధ్య టీకా వేయించి ఉంటే ఆ తేదీ, వాడుతున్న మందుల పేర్లు, నాటు మందులు సైతం, డాక్టరుకు చెప్పాలి.

ముందు రాత్రి: కడుపు ఖాళీగా ఉంచడం

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని పాలు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. సాధారణంగా తల్లిపాలు 4 గంటల ముందు, డబ్బాపాలు, గేదెపాలు, మెత్తటి అన్నం 6 గంటల ముందు ఆపాలని చెబుతారు. మంచినీళ్లకు కొన్నిచోట్ల 1 గంట, మరికొన్నిచోట్ల 2 గంటల నియమం ఉంటుంది. మత్తు డాక్టరు చెప్పిన సమయమే అంతిమం. దాన్ని కాగితం మీద రాసి, బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా నానమ్మ, అమ్మమ్మలకు, చెప్పండి. ఆకలికి ఏడ్చే పసివాడిని చూసి ఆగలేక, ఎవరూ చూడకుండా బిస్కెట్టో చెంచాడు తేనెనో పెట్టేది ప్రేమతోనే గానీ, అది ఆ రోజు చికిత్సను ఆపేస్తుంది. పొరపాటున పెట్టి ఉంటే వెంటనే నర్సుకు చెప్పాలి.

అలాగని అవసరానికి మించి పస్తు పెట్టడమూ మంచిది కాదు. పెదవులు, గోళ్లు నీలంగా మారే బిడ్డల రక్తం చిక్కగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే వారికి హాని. వరుస ఆలస్యమైతే సెలైన్ పెట్టాలా అని అడగండి.

ఆ ఉదయం

మొలతాడు, మురుగులు, పట్టీలు, తాయత్తు తీసి ఇంట్లోనే ఉంచడం మేలు. దిష్టిచుక్క, కాటుక తుడిచేయాలి, ఎందుకంటే ముఖం, పెదవుల రంగును చూసే మత్తు డాక్టరు చాలా విషయాలు గ్రహిస్తారు. చికిత్సకు ఒప్పుకుంటూ సంతకం చేసే ముందు అర్థంకానిదేదైనా అడగండి. ఏం అడగాలో ముందే రాసుకుంటే ఆ హడావిడిలో మరిచిపోరు.

తర్వాత

గజ్జల్లోంచి చేసిన చికిత్స అయితే ఆ కాలును డాక్టరు చెప్పినన్ని గంటలు కదలనివ్వకూడదు. కాలు చల్లబడినా, పాలిపోయినా, కట్టు తడిసినా నర్సును పిలవాలి. పరికరం అమర్చాక రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా ఆరు నెలలు మందు ఇస్తారు. దాన్ని సొంతంగా ఆపకూడదు. ఆ ఆరు నెలల్లో పంటి చికిత్స వంటివి చేయించవలసి వస్తే ముందే డాక్టరుకు చెప్పాలి. ఆసుపత్రివాళ్లు పరికరం వివరాల కార్డు ఇస్తే దాన్ని ఆధార్‌తో పాటు భద్రపరచి, ఇకపై ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించండి.