12 సెషన్లలో ముగిసే క్యాంపెయిన్: నిడివి, వేగం లెక్క వేసుకోవడం ఎలా

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి కథ నడిపే ఆట) క్యాంపెయిన్లు, అంటే ఎన్నో సెషన్ల (కూర్చుని ఆడే పూటల) మీదుగా సాగే కథలు, పూర్తయి ముగియడం కంటే అందరికీ తేదీలు కుదరక మధ్యలో ఆగిపోవడమే ఎక్కువ. అందుకే ఎంత పొడవు ఆడాలన్నది కథను బట్టి కాదు, క్యాలెండర్‌ను బట్టి తేల్చుకోవాలి. కొత్తగా డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడుపుతూ శత్రువుల తరఫున ఆడేవారు) అవుతున్నవాళ్లకు సరిపోయే కొలత ఇది: నలుగురు ప్లేయర్లు, 12 సెషన్లు, సెషన్‌కు 3 గంటలు. కింది లెక్కలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ ప్రకారం వేసినవి.

రెండు వారాలకోసారి ఆడితే 12 సెషన్లకు కాగితం మీద 6 నెలలు చాలు. కానీ సంక్రాంతి, దసరా, పరీక్షలు, బంధువుల పెళ్లిళ్లు, ఆఫీసు పని కలిసి ప్రతి నాలుగు తేదీల్లో ఒకటి మింగేస్తాయనుకోండి. 16 తేదీలు ముందే రాసిపెట్టుకోండి, అంటే ఏడు నెలల పైమాటే. నలుగురిలో ముగ్గురు వస్తే ఆట జరుగుతుందని మొదటిరోజే చెప్పండి. ఒక్కరు రాలేదని వాయిదా వేస్తే విరామం నాలుగు వారాలకు పెరుగుతుంది, ఎన్‌పీసీల (డీఎం నడిపే పాత్రల) పేర్లు కూడా ఎవరికీ గుర్తుండవు. అమెరికాలో ఉన్న స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు గడియారం మార్పునూ చూసుకోవాలి. డాలస్‌లో శనివారం రాత్రి 9 గంటలంటే వేసవిలో హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 7:30, నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 8:30.

ఇక సెషన్ సంగతి. 3 గంటల్లో ఆలస్యానికీ కబుర్లకూ 20 నిమిషాలు, పోయినసారి ఏం జరిగిందో గుర్తుచేసుకోడానికి 10, టీ బ్రేక్‌కు 15 పోతే అసలు ఆటకు మిగిలేది 135 నిమిషాలు. ఒక ఫైట్ 4 రౌండ్లు (రౌండంటే అందరికీ ఒక్కో టర్న్) సాగిందనుకుందాం. నలుగురు ప్లేయర్లు, డీఎం కలిపి ఐదు టర్న్‌లు, టర్న్‌కు 2 నిమిషాలు: 40 నిమిషాలు. అదే ఆరుగురు ప్లేయర్లుండి టర్న్‌కు 3 నిమిషాలు పడితే 84 నిమిషాలు. ఇద్దరు స్నేహితులను అదనంగా చేర్చుకునే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. నలుగురున్న టేబుల్ దగ్గర సెషన్‌కు ఒక గట్టి ఫైట్, మూడు సీన్లు పడతాయి. అంతకుమించి రాసుకుంటే చివర్లో పరుగులు పెట్టాలి.

టర్న్‌లు సాగకుండా ఉండాలంటే ఒకరి పేరు పిలిచేటప్పుడే తర్వాతివాళ్ల పేరు కూడా చెప్పండి. అటాక్ డైస్ (దెబ్బ తగిలిందో లేదో తేల్చేవి), డ్యామేజ్ డైస్ (ఎంత తగిలిందో తేల్చేవి) కలిపి వేయించండి. గెలుపెవరిదో తేలిపోయాక మిగిలిన ఇద్దరు గాబ్లిన్లను (చిన్న రాక్షసులను) పారిపోనివ్వండి, వాళ్ల హిట్ పాయింట్లు (మిగిలిన ప్రాణం లెక్క) సున్నాకొచ్చేదాకా లాగితే 15 నిమిషాలు వృథా.

వేగం అసలు ఎక్కడ దెబ్బతింటుందంటే లాంగ్ రెస్ట్ దగ్గర, అంటే పాత్రలు రాత్రి నిద్రపోయి శక్తులు తిరిగి నింపుకునే చోట. ఒక అడ్వెంచరింగ్ డేలో (ఆటలోని ఒక రోజులో) 6 నుంచి 8 మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (ఫైట్ లాంటి సవాళ్లు) పార్టీ, అంటే ప్లేయర్ల బృందం, తట్టుకోగలదని, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు (కాసేపు ఆగి తీసుకునే విశ్రాంతి) పడతాయని డీఎం గైడ్ (డీఎంల రూల్స్ పుస్తకం) లెక్క. మన సెషన్‌లో ఫైట్ ఒక్కటే. సెషన్ చివర అలవాటుగా అందరినీ నిద్రపుచ్చారంటే ఏమవుతుందో చూడండి. 5వ లెవెల్ (పాత్ర బలం పెరిగే మెట్టు) విజార్డ్‌కు, అంటే మంత్రగాడికి, 9 స్పెల్ స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) ఉంటాయి. వాటిలో మూడో లెవెల్ స్లాట్లు రెండింటినీ మొదటి రెండు టర్న్‌ల్లోనే ఫైర్‌బాల్‌గా విసిరేస్తాడు, ఒక్కోదానికి సగటున 28 డ్యామేజ్. మర్నాటికి 9 స్లాట్లూ నిండుతాయి కాబట్టి దాచుకోవాల్సిన పనే లేదు. అదే లెవెల్‌లో వార్‌లాక్‌కు (మరో రకం మంత్రగాడికి) ఉన్నవి రెండు స్లాట్లే, అవి షార్ట్ రెస్ట్‌తో తిరిగొస్తాయి. రోజుకు రెండు షార్ట్ రెస్టులుంటే ఆరు స్పెల్స్ వేయాల్సినవాడు రెండింటితో సరిపెట్టుకుంటాడు. కొన్నాళ్లకు వార్‌లాక్ ఆడేవారికి విసుగొస్తుంది, డీఎం ఏమో రాక్షసుల హిట్ పాయింట్లు పెంచుకుంటూ పోతాడు, ఫైట్లు ఇంకా సాగుతాయి.

దీనికి మందు, ఆటలోని ఒక రోజును రెండు మూడు సెషన్ల మీదుగా నడపడం. గుహ మధ్యలో, తలుపు తెరవబోతుండగా సెషన్ ఆపేయొచ్చు. అందరి హిట్ పాయింట్లు, మిగిలిన స్లాట్లు ఫొటో తీసి గ్రూపులో పెడితే చాలు. రోజులకు రోజులు ప్రయాణమే ఉండే కథైతే షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు చేసే ఐచ్ఛిక రూల్ వాడొచ్చు. కాకపోతే మేజ్ ఆర్మర్ (ఒంటికి రక్షణనిచ్చే మంత్రం) లాంటి 8 గంటలు నిలిచే స్పెల్స్ విలువ పడిపోతుంది, ఆ సంగతి ముందే చెప్పండి.

రెస్ట్‌కు ఖరీదు కూడా ఉండాలి. బ్లేడ్స్ ఇన్ ది డార్క్ ఆటతో బాగా పేరొచ్చిన క్లాక్ పద్ధతి ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఒక వృత్తం గీసి ఆరు భాగాలు చేయండి. ప్రతి లాంగ్ రెస్ట్‌కు ఒక భాగం నింపండి. శవాలను లేపే మాంత్రికుడు విలన్ అనుకుంటే: మొదటి భాగానికి పొరుగూరి సమాధులు తవ్వి కనిపిస్తాయి, రెండుకు రాత్రి కాపలావాళ్లు మాయమవుతారు, మూడుకు వంతెన మీద అస్థిపంజరాలు కాపు కాసి ధాన్యం బళ్లు ఆపేస్తాయి, నాలుగుకు ప్లేయర్లకు చనువైన పూజారి శవమై నడిచొస్తాడు, ఐదుకు ఊరు ఖాళీ, ఆరుకు క్రతువు పూర్తి. రోజుకు రెండున్నర సెషన్ల చొప్పున 12 సెషన్లలో పడే లాంగ్ రెస్టులు దాదాపు ఐదు. అంటే జాగ్రత్తగా ఆడితే క్రతువు పూర్తయ్యేలోపే చేరుకుంటారు, అనవసరంగా రెండుసార్లు పడుకుంటే చేరుకోలేరు. ఈ వృత్తం ప్లేయర్లకు కనిపించేలా టేబుల్ మీదే ఉంచండి. దాచిపెట్టిన క్లాక్ ఎవరినీ తొందరపెట్టదు.

లెవెల్స్ విషయంలో ఎక్స్‌పీ (అనుభవ పాయింట్ల) కూడికలు వదిలేసి మైలురాళ్లను బట్టి ఇవ్వండి. మొదటి సెషన్ తర్వాత 2వ లెవెల్, రెండో సెషన్ తర్వాత 3, మరో రెండు సెషన్లకు 4, ఆపైన లెవెల్‌కు రెండు మూడు సెషన్లు అని గైడ్ సూచన. ఆ లెక్కన 10వ లెవెల్ చేరడానికి 16 నుంచి 22 సెషన్లు, 20కి 36 నుంచి 52. ఒక్కటీ రద్దు కాకపోయినా 52 సెషన్లంటే రెండేళ్లు. పైగా 13వ లెవెల్‌లో టెలిపోర్ట్ (క్షణంలో దూరాలు చేర్చే మంత్రం) వచ్చాక ప్రయాణాల మీద కట్టిన కథ కూలిపోతుంది. పెద్ద కథే కావాలనుకుంటే ఎనిమిదేసి సెషన్ల సీజన్లుగా విడగొట్టి, ప్రతి సీజన్‌కూ ముగింపు పెట్టుకోండి. మన 12 సెషన్లకైతే 3వ లెవెల్‌తో మొదలుపెట్టి, 2, 5, 8 సెషన్ల తర్వాత ఒక్కో లెవెల్ పెంచితే బాగుంటుంది. 5వ లెవెల్‌లో ఫైర్‌బాల్, ఫైటర్‌కు (యోధుడి పాత్రకు) రెండో అటాక్ ఒకేసారి వస్తాయి, అప్పటిదాకా రాసుకున్న ఫైట్లు తేలిపోతాయి. 6వ సెషన్ నుంచి శత్రువుల సంఖ్య పెంచి, వాళ్లను దూరదూరంగా నిలబెట్టండి.

కథ మలుపులకూ తేదీలున్నాయి. మొదటి సెషన్ సత్రంలో పరిచయాలతో కాకుండా సమస్య నడుమ మొదలవ్వాలి. మూడోదానికల్లా విలన్ ఎవరో తెలియాలి. ఆరోదానిలో వెనక్కి తీసుకోలేని నష్టం ఒకటి జరగాలి. 9 దాటాక కొత్త ఎన్‌పీసీ, కొత్త మిస్టరీ వద్దు. మధ్యలో మూడు నిమిషాలు ఎవరూ ఏమీ తేల్చకపోతే ఎదురుగా ఉన్న రెండు దారులు చెప్పి, ఎటు వెళ్తారో అడిగేయండి.

పన్నెండో సెషన్‌లో ఆఖరి ఫైట్ ఆట మొదలైన 45 నిమిషాల్లోపే అందుకోవాలి. దానికి ఒక గంట పోయినా 30 నిమిషాలు మిగులుతాయి, అంటే ఒక్కో క్యారెక్టర్ ఆ తర్వాత ఏమయ్యాడో చెప్పుకోడానికి ప్లేయర్‌కు ఏడు నిమిషాలు. ఫైట్ సాగుతోందనిపిస్తే విలన్ హిట్ పాయింట్లు తగ్గించండి గానీ ఆ అరగంటను మాత్రం తీసేయకండి.