కోనసీమలో గ్యాస్ పైప్‌లైన్‌కు సర్వే చేయాలంటే

పైప్‌లైన్ సర్వే పని మొదటిసారి చేతికొచ్చిన వాళ్లు ముందు అడిగేది ఏ రోవర్ (ఉపగ్రహ సిగ్నళ్లతో చోటు కొలిచే పరికరం) కొనాలని. మంచి సర్వీసు దొరికేది ఏదైనా కొనండి, ఇప్పుడొస్తున్న డ్యూయల్ ఫ్రీక్వెన్సీ రోవర్లన్నీ ఈ పనికి సరిపోతాయి. అసలు తలనొప్పి పరికరం దగ్గర లేదు. మీ రోవర్ సరిహద్దు ఒక చోట అంటుంది, ఊరి ఎఫ్‌ఎంబీ, అంటే రెవెన్యూ వాళ్ల పొలం కొలతల పుస్తకం, ఇంకో చోట అంటుంది, రైతు ముప్పై ఏళ్లుగా వేసుకున్న గట్టు మూడో చోట ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే షీటు మీదకి, ఎవరూ కోర్టు మెట్లెక్కకుండా తీసుకురావడమే మీకు డబ్బులిచ్చే పని. తాటిపాక, ఓడలరేవు వైపు ఈ పని ఎలా సాగుతుందో చూస్తే మిగతా చోట్లకి ఎవరికి వాళ్లు అన్వయించుకోవచ్చు.

పొలంలో అడుగుపెట్టే ముందు కాగితం చూసుకోండి. ఈ పైపులకి భూమిని కొనరు, 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల చట్టం కింద వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. సెక్షన్ 3(1) నోటిఫికేషన్ వచ్చాకే సర్వే కోసం ప్రైవేటు భూమిలోకి వెళ్లే అధికారం ఉంటుంది, రైతుకి అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు గడువు ఉంటుంది. అంతకుముందు చేసే రూట్ సర్వేకి రైతు ఒప్పుకుంటేనే గట్టు దాటండి. పైగా ఇది కోనసీమ. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ట్రైపాడ్ కనపడగానే నలుగురూ చుట్టూ చేరి అడుగుతారు, అడగాలి కూడా. గ్రామ సర్వేయర్ని వెంటబెట్టుకుని వెళ్లండి, పైపు మా ఇంటికి ఎంత దూరం అని అడిగితే నీళ్లు నమలకుండా మ్యాపు తీసి చూపించండి.

అలైన్‌మెంట్ (పైపు వెళ్లే దారి) గీసేటప్పుడు అదే చట్టంలో సెక్షన్ 7 గుర్తుంచుకోండి. నివాసంగా వాడుతున్న స్థలం, శాశ్వత కట్టడం ఉన్న భూమి, ఇంటికి ఆనుకుని ఉన్న దొడ్డి, వీటి కింద నుంచి పైపు తీసుకెళ్లకూడదు. ఎక్కడైనా సరే మీటరు కంటే తక్కువ లోతులో వేయకూడదు. గూగుల్ ఫోటోలో కొబ్బరాకుల కింద దాక్కున్న ఇళ్లు కనపడవు కాబట్టి రూటంతా ఎవరో ఒకరు నడవాల్సిందే.

ఇక కంట్రోల్ పాయింట్లు, అంటే మిగతా కొలతలన్నీ ఆధారపడే స్థిరమైన గుర్తులు. రూటు పొడవునా కొన్ని కిలోమీటర్లకొక చోట, ఒకదాన్నుంచి ఇంకోటి కనపడేలా జంటగా కాంక్రీటు దిమ్మెలు పాతించి, స్టాటిక్ పద్ధతిలో, అంటే పరికరాన్ని కదపకుండా చాలాసేపు ఉంచి, చదవండి. సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ (CORS, ఎప్పుడూ ఉపగ్రహ సిగ్నళ్లు నమోదు చేసే) స్టేషన్ల డేటాతో కలిపి లెక్కగట్టుకుంటే తర్వాత ఎవరొచ్చినా అదే చోటుకి రాగలరు. ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదకి తెచ్చే యూటీఎం పద్ధతిలో మనకి వర్తించేది 44 ఉత్తర జోన్, దాని మధ్యరేఖ 81 డిగ్రీలు, అమలాపురం 82 దగ్గర. అక్కడ గ్రిడ్ దూరానికీ నేల మీద దూరానికీ కిలోమీటరుకి దాదాపు పాతిక సెంటీమీటర్ల తేడా వస్తుంది. టోటల్ స్టేషన్‌లో (కోణం, దూరం కొలిచే పరికరం) ఈ తేడాని సరిచేసే స్కేల్ ఫ్యాక్టర్ పెట్టకుండా, పాయింటు నుంచి పాయింటుకి కొలుచుకుంటూ ట్రావర్స్ చేసి, చివర కలవట్లేదని కుర్రాళ్లని తిట్టే ఇంజనీర్లు ఉన్నారు.

ఎత్తుల సంగతి ఇంకా జాగ్రత్త. రోవర్ ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, ఎలిప్సాయిడ్ అనే లెక్కల్లోని నునుపైన భూమి ఆకారం నుంచి. మన తీరంలో అది మైనస్‌లో పదుల మీటర్లు చూపిస్తుంది, కంగారు పడకండి. జియాయిడ్ మోడల్ (సముద్ర మట్టానికీ ఎలిప్సాయిడ్‌కీ తేడా చెప్పేది) వేసి మార్చుకోవచ్చు గానీ డెల్టాలో దాన్నొక్కదాన్నే నమ్మడం నాకు ఇష్టం ఉండదు. ఆటో లెవెల్‌తో కనీసం రెండు బెంచ్‌మార్కులకి, అంటే ఎత్తు ముందే తెలిసిన గుర్తులకి, కలపండి, ఈ మెత్తటి నేలలో వంతెన గోడ మీది పాత గుర్తు కుంగలేదని ఎవరు చెప్పగలరు?

కొబ్బరి తోటలో ఆర్‌టీకే, అంటే బేస్ పరికరం పంపే సవరణతో రోవర్ అక్కడికక్కడే చోటు చెప్పే పద్ధతి, సతాయిస్తుంది. ఫిక్స్ (కచ్చితమైన లెక్క) రాక ఫ్లోట్ (ఉజ్జాయింపు లెక్క) దగ్గర ఆగితే ఫర్వాలేదు, కనీసం మీకు తెలుస్తుంది. ఒక్కోసారి తప్పుడు ఫిక్స్ ఇచ్చి నవ్వుతుంది, అదే ప్రమాదం. అందుకే తోటలో తీసిన ప్రతి ముఖ్యమైన పాయింటునీ రోవర్ కనెక్షన్ తెంపి, కాసేపాగి మళ్లీ తీయండి, లేదా తోట బయట రెండు పాయింట్లు పెట్టుకుని లోపలికి టోటల్ స్టేషన్‌తో వెళ్లండి. డ్రోన్ ఫోటోలతో తోట అడుగు నేల రాదు, ఆకుల నెత్తి వస్తుంది. లేజరు కిరణాలతో కొలిచే లైడార్ ఉన్న డ్రోన్ అయితే ఆకుల సందుల్లోంచి నేలని కొంతవరకు పట్టుకుంటుంది. రొయ్యల చెరువుల మీద ఫోటోలు అసలు అతకవు, చెరువు అడుగు చేత్తో కొలవాల్సిందే. డ్రోన్ ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ మ్యాపులో జోన్ చూడండి, గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరొచ్చు, గ్యాస్ టెర్మినళ్లు, ఎయిర్‌పోర్టు దగ్గరైతే అనుమతి లేకుండా ఎగరేస్తే డ్రోనూ పోతుంది, కాంట్రాక్టూ పోతుంది.

ఇప్పుడు అసలు కష్టం, రెవెన్యూ మ్యాపు. కోస్తా జిల్లాల పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, ఒక లింకు 20.1168 సెంటీమీటర్లు. కొత్తవాటిలో మీటర్లు. ఒకే ఊళ్లో రెండు రకాలూ దొరుకుతాయి, కాబట్టి షీటు మూల చూడకుండా కంప్యూటర్లో ఎక్కించకండి. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. నోటిఫికేషన్‌లో ఏ నంబరు వేస్తున్నారో ముందే కనుక్కుని పాత, కొత్త నంబర్ల పట్టిక ఒకటి తయారు చేసుకోండి. ఎఫ్‌ఎంబీని సాగదీసి గట్ల మీద పరచడం మాత్రం చేయొద్దు. ముందు ట్రైజంక్షన్ రాళ్లు (మూడు హద్దులు కలిసే చోట పాతినవి), ఊరి పొలిమేర రాళ్లు వెతికి వాటికి కట్టండి, ఆ తర్వాత గట్టు ఎంత పక్కకి ఉందో అంతా షీటు మీద చూపించండి. సరిహద్దు తేల్చడం మీ పని కాదు, ఉన్న తేడాని దాచకపోవడం మీ పని. ఎందుకంటే వాడుకునే హక్కుకి పరిహారం నోటిఫికేషన్ తేదీ నాటి భూమి విలువలో పది శాతం, ఆ పైన పంటకీ చెట్లకీ నష్టం విడిగా. ఒక్క కొబ్బరి చెట్టు ఈ గట్టుకి అటుందా ఇటుందా అన్నదాని మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. చెట్లు లెక్కపెట్టేటప్పుడు ప్రతి చెట్టుకీ నంబరు వేసి, కోఆర్డినేట్‌తో ఫోటో తీసి, రైతుతో అక్కడే సంతకం చేయించండి.

పాత పైపులు వెతకడం సరదా పని అనుకుంటారు. కాదు. రేడియో తరంగాలతో నేల లోపల వెతికే జీపీఆర్ బండి మన ఉప్పు తగిలిన బంకమట్టిలో పెద్దగా ఏమీ చూడలేదు. ఇనుప పైపుకి పైప్ లొకేటర్ మేలు, టెస్ట్ పోస్టు (పైపుకి కలిపిన తీగ బయటికి వచ్చే స్తంభం) దగ్గర సిగ్నల్ ఇచ్చి వెంబడించండి. ఖాయం చేసుకోవాలంటే పైపు సొంతదారు మనిషి నిలబడి ఉండగా పారతో గొయ్యి తీయించాలి. జేసీబీ దగ్గరికి కూడా రానివ్వకండి.

కాలువలు, డ్రెయిన్లు దాటే చోట ఇప్పుడున్న అడుగు మట్టం ఒక్కటే తీస్తే సరిపోదు, అది పూడిక మట్టం. ఇరిగేషన్ వాళ్ల దగ్గర డిజైన్ బెడ్ లెవెల్ (డిజైన్ ప్రకారం ఉండాల్సిన అడుగు మట్టం) తీసుకోండి, రేపు పూడిక తీసే మిషన్ దిగేది అక్కడిదాకా.

చివరగా యాజ్‌బిల్ట్, అంటే పైపు నిజంగా ఎక్కడ వేశారో చూపే రికార్డు. బిల్లు త్వరగా రావాలని దీన్నే అందరూ కానిచ్చేస్తారు. కందకం పూడ్చకముందే ప్రతి వెల్డు మీద, ప్రతి బెండు మీద, దాటిన ప్రతి కేబులు దగ్గర పైపు నెత్తిన రోవర్ పెట్టి చదవాలి, పైపు నంబరు, వెల్డు నంబరు పక్కన రాయాలి. ఏళ్ల తర్వాత లోపల పిగ్ (పైపు లోపల నడుస్తూ గోడని పరీక్షించే పరికరం) పంపితే అది ఫలానా వెల్డు నుంచి ఇన్ని మీటర్ల దగ్గర గోడ పలచబడిందని చెబుతుంది. ఆ వెల్డు ఎవరి పొలంలో ఉందో చెప్పగలిగేది మీ షీటే. కాంట్రాక్టరు పూడ్చేశాం, పైన నేల మీద చదివి మీటరున్నర తీసేయండి అంటే ఒప్పుకోకండి, ఆ ముక్కకి ‘పూడ్చాక చదివినది’ అని షీటు మీదే రాసి ఇవ్వండి. ముడి డేటా ఫైళ్లు, బేస్ పెట్టిన ప్రతిసారీ కొలిచిన యాంటెన్నా ఎత్తుల పుస్తకం కూడా డ్రాయింగులతో పాటే అప్పగించి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.